నీరటి లేని తూము

2021 జూన్. చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో వానలు మొదలై, కొండ నదుల మీద జలవిద్యుత్ కేంద్రాలు నిండుగా తిరుగుతున్న రోజులు. ఏటా ఈ వేళకి బిట్‌కాయిన్ మైనర్లు షిన్‌జాంగ్ బొగ్గు కరెంటును వదిలి, యంత్రాలను లారీలకెత్తి ఇక్కడికి చేరేవారు. వరద నీటితో పుట్టే మిగులు కరెంటు కారుచౌక. వానలు తగ్గాక మళ్లీ ఉత్తరానికి వెళ్లిపోయేవారు. కోతల కాలానికి ఊళ్లు మారే కూలీల వలసలా సాగేది ఆ ప్రయాణం. ఆ ఏడు మాత్రం వచ్చి సర్దుకున్నారో లేదో, ఉత్తర్వు వెంటపడింది. జూన్ 20 కల్లా 26 కేంద్రాలకు కరెంటు ఆపెయ్యాలి. పెద్ద పెద్ద షెడ్లలో వరసలు వరసలుగా మెరిసే దీపాలు ఒక్కొక్కటే ఆరిపోవడం, ఫ్యాన్ల హోరు అణిగిపోవడం చూపించే వీడియోలు ఆ రోజుల్లో ప్రపంచమంతా తిరిగాయి.

దానికి నెల ముందు, మే 21న, ఉప ప్రధాని ల్యూ హ అధ్యక్షతన ఉన్న ఆర్థిక స్థిరత్వ కమిటీ బిట్‌కాయిన్ మైనింగ్‌ని అణచివేస్తామని ప్రకటించింది. ఇన్నర్ మంగోలియా అప్పటికే మొదలుపెట్టింది. షిన్‌జాంగ్, చింగ్‌హాయ్, యునాన్ ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. ఏడాది కిందట, 2020 ఏప్రిల్‌లో, ప్రపంచ మైనింగ్‌లో 65 శాతం చైనాదేనని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క. నిషేధం నాటికి అది 46 శాతానికి దిగినా, ఇంకా అన్ని దేశాల కన్నా పై మెట్టే.

ఒక ప్రభుత్వం మైనింగ్‌ని నిషేధించగలదా అన్న ప్రశ్నకి ఇంతకన్నా గట్టి పరీక్ష దొరకదు. గ్రిడ్డు ప్రభుత్వానిదే, పోలీసూ ప్రభుత్వమే, కోర్టులో స్టే వస్తుందన్న బెంగ లేదు. పరీక్ష ఫలితం మాత్రం చట్టాన్ని చదివితే అర్థం కాదు. బిట్‌కాయిన్ యంత్రాంగం లోపల ఒక అజ్ఞాత పనివాడు బిగించి పెట్టిన చిన్న మరను చూస్తేనే అర్థమవుతుంది. ఈ వ్యాసం ఆ మర గురించి. బిట్‌కాయిన్ కొనాలా వద్దా అన్నది దీని సంగతి కాదు. నాకు ఆ పనితనం మీద గౌరవం. అది తాగే కరెంటు చూస్తే దిగులు. రెండూ ఇక్కడ దాచుకోను.

ముందు మైనింగ్ అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ బ్లాకులుగా, అంటే ఖాతా పుస్తకంలో పేజీల్లా, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ప్రతి పేజీకి తలకట్టు ఒకటి ఉంటుంది. దాని కొలత సరిగ్గా 80 బైట్లు. వెర్షన్ సంఖ్యకి 4, ముందు పేజీ వేలిముద్రకి 32, ఈ పేజీలోని లావాదేవీలన్నిటి సారానికి 32, సమయానికి 4, డిఫికల్టీకి (జవాబు హద్దు ఎంత ఇరుకో చెప్పే కొలత) 4, ఇక నాన్స్ అనే ఖాళీ గడికి 4. మైనరు చేసే పనల్లా ఆ ఖాళీ గడిలో ఏదో ఒక సంఖ్య వేసి, మొత్తం 80 బైట్లనూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత యంత్రంలో రెండుసార్లు తిప్పడం. బయటికొచ్చిన సంఖ్య నిర్ణయించిన హద్దు కన్నా చిన్నదైతే పేజీ అతనిది, దాని బహుమతీ అతనిదే. పెద్దదైతే గడిలో సంఖ్య మార్చి మళ్లీ తిప్పాలి. ఇందులో తెలివికి తావు లేదు, అడ్డదారి లేదు. వేసిన పాచికకి ముందు వేసిన పాచిక గుర్తుండదు. దొరికిన జవాబు సరైనదా కాదా అని చూడటానికి మాత్రం ఒక్కసారి తిప్పితే చాలు, మామూలు ఫోనుకి కూడా రెప్పపాటు పని. చేయడానికి కొండంత శ్రమ, సరిచూడటానికి చిటికెడు. మొత్తం కట్టడం ఈ తేడా మీదే నిలబడింది.

ఇప్పుడు అసలు చిక్కు. యంత్రాలు పెరిగితే జవాబులు త్వరగా దొరుకుతాయి, పేజీలు జోరుగా పడతాయి. యంత్రాలు తగ్గితే అంతా మందగిస్తుంది. పది నిమిషాలకో పేజీ చొప్పున, ఎవరొచ్చినా ఎవరు పోయినా, నడక చెడకుండా ఉండాలి. ఎలా?

మన చెరువుల కింద ఈ పని చేసిన మనిషి ఉన్నాడు. తెలంగాణలో నీరటి అంటారు, డెల్టా కాలవల మీద లస్కరు. చెరువు నిండుగా ఉంటే తూము నుంచి నీళ్లు ఉరకలేస్తాయి, కొంచెం బిగిస్తాడు. నీటిమట్టం పడిపోతే సడలిస్తాడు. కింద పొలానికి అందే ధార ఒక్కతీరుగా ఉండాలి, అంతే. బిట్‌కాయిన్‌లో తూము ఉంది, నీరటి లేడు. ఆయకట్టు కింద రైతులందరూ ఎవరికి వారే ఒకే లెక్క కట్టుకుని, ఒకే క్షణంలో, ఒకే మేరకు తూము తిప్పుతారు. ఒకరినొకరు అడగరు. ఎవరైనా తప్పుగా తిప్పితే అతని నీళ్లు మిగతావాళ్లు తీసుకోరు.

ఆ లెక్క ఎంత పొట్టిదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి ఆగి, ఈ 2016 పేజీలకూ ఎంత కాలం పట్టిందని చూస్తుంది. పేజీకి పది నిమిషాల చొప్పున పట్టాల్సింది 14 రోజులు, అంటే 12,09,600 సెకన్లు. పట్టిన కాలాన్ని పట్టాల్సిన కాలంతో భాగించి, పాత హద్దుని ఆ నిష్పత్తితో గుణిస్తే కొత్త హద్దు. ఆలస్యమైతే హద్దు వెడల్పవుతుంది, తొందరైతే ఇరుకవుతుంది. ఒక జాగ్రత్త కూడా ఉంది. ఎంత ఒడిదుడుకు వచ్చినా ఒక్క దఫాలో నాలుగు రెట్లకు మించి పెరగకూడదు, నాలుగో వంతుకు మించి తగ్గకూడదు. ప్రోగ్రాంలో ఇదంతా కలిపి పట్టుమని ఇరవై వరసలు ఉండదు. మూడో తరగతి త్రైరాశికం. ఈ త్రైరాశికం చేయడానికి ఎక్కడా ఆఫీసు లేదు, గుమాస్తా లేడు, సంతకం పెట్టే అధికారి లేడు. మూయించాలన్నా మూయించడానికి ఒక తలుపంటూ లేదు.

మరి గడియారం ఎవరిది? కాలాన్ని కొలిచే లెక్కలో గడియారం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే కదా. ఇక్కడి జవాబు నాకు అన్నిటికన్నా నచ్చింది. ప్రతి మైనరూ తన పేజీ మీద తానే సమయం వేసుకుంటాడు, ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు. అయితే ఆ సమయం వెనకటి 11 పేజీల సమయాల్లో నడిమిదాని కన్నా ఎక్కువ ఉండాలి, మిగతావాళ్ల గడియారాల కన్నా రెండు గంటలకు మించి ముందుకు పోకూడదు. ఎవరి గడియారాన్నీ నమ్మకుండా అందరి గడియారాలనూ వాడుకునే పద్ధతి ఇది. కాస్త అటూ ఇటూ అబద్ధం చెప్పినా 2016 పేజీల పొడవులో ఆ అబద్ధం కరిగిపోతుంది.

ఈ పనిలో ఒక పొరపాటు కూడా ఉంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా కాలం కొలిస్తే 2016 పేజీల మధ్య ఉండేది 2015 విరామాలే. కంచెకి పది గుంజలు పాతితే మధ్య ఖాళీలు తొమ్మిదే ఉన్నట్టు. దానివల్ల పది నిమిషాల లక్ష్యం నిజానికి పది నిమిషాల మీద సెకనులో దాదాపు మూడో వంతైంది. 2009 నుంచీ అలాగే ఉంది. దిద్దాలంటే అందరూ ఒకేసారి మారాలి, ఈ చిన్న తేడాకి అంత అలజడి అవసరం లేదని వదిలేశారు. చెక్కిన చెయ్యి మనిషిదే అనడానికి గుర్తుగా రాతి మీద మిగిలిన ఉలి జారిన చార అది.

ఈ చేతి యజమాని సతోషీ నకమోతో అన్న పేరుతో 2008 అక్టోబరు 31న తొమ్మిది పేజీల పత్రం బయటపెట్టాడు. డిఫికల్టీ గురించి అందులో ఉన్నది ఒకట్రెండు వాక్యాలే. యంత్రాల వేగం పెరుగుతుంది, నడిపేవారి ఆసక్తి కాలంతో మారుతుంది, ఆ రెండిటినీ సర్దుకోవడానికి ఇది అంటాడు. ప్రభుత్వ ఉత్తర్వుల ప్రస్తావన అక్కడ లేదు. కానీ ఆలోచనలో లేదనలేం. పత్రం వచ్చిన వారానికే రాసిన ఒక లేఖలో, కేంద్రం ఉన్న నాప్‌స్టర్ నెట్‌వర్కును మూయించగలిగారు గానీ కేంద్రం లేని నుటెల్లా, టార్ నెట్‌వర్కులు నిలబడ్డాయని గుర్తుచేశాడు. తొలి బ్లాకు 2009 జనవరి 3 నాటిది. మొదటి ఏడాది పొడుగునా తూము కదలనే లేదు, నడిపేవాళ్లే అంత తక్కువ. 2009 డిసెంబరు 30న మొదటిసారి డిఫికల్టీ 1 నుంచి 1.18కి పెరిగింది. 1 అంటే ఒక పేజీకి సగటున 429 కోట్ల ప్రయత్నాలు.

ఇక 2021 వేసవికి వద్దాం. మే మధ్యలో డిఫికల్టీ 25 లక్షల కోట్లు దాటి ఉంది. షెడ్లు ఆరిపోవడం మొదలవగానే పేజీలు నెమ్మదించాయి. మే 30న తూము దాదాపు 16 శాతం సడలింది. జూన్ 14న ఇంకో 5 శాతం. ఆ తర్వాతి 2016 పేజీల మధ్యలోనే సిచువాన్ ఆరిపోయింది. 14 రోజుల్లో కావలసిన పని 19 రోజులు దాటింది. పేజీకి సగటున 14 నిమిషాలకు దగ్గరగా పట్టింది. లావాదేవీలు వరస కట్టాయి. జులై 3న, 6,89,472వ బ్లాకు దగ్గర, లెక్క మళ్లీ కట్టుకుంది. 27.94 శాతం తగ్గుదల. 2011 నాటి 18 శాతమే అప్పటిదాకా రికార్డు. జులై 18న మరో 5 శాతానికి దగ్గరగా తగ్గి, అక్కడితో ఆగింది.

దీనివల్ల జరిగిందేమిటో చూడండి. చైనాలో యంత్రం ఆపినవాడు నష్టపోయాడు. తూము సడలగానే టెక్సస్‌లోనో కజకిస్తాన్‌లోనో నడుస్తున్న యంత్రానికి, యజమాని వేలు కదపకుండానే, రాబడి పెరిగింది. పోటీదారులు తగ్గారు, బహుమతి మాత్రం పేజీకి అదే 6.25 బిట్‌కాయిన్లు. మూలపడిన పాత యంత్రాలు మళ్లీ లాభంలోకి వచ్చాయి. ఒక దేశం వేసిన నిషేధం మిగతా దేశాల్లోని మైనర్లకు కట్టిన బోనస్ అయింది. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు, ఆ త్రైరాశికం చేసిన పని. యంత్రాలు ఓడలెక్కాయి, విమానాలెక్కాయి. 2022 జనవరి 21న డిఫికల్టీ 26 లక్షల కోట్లు దాటి నిషేధం ముందరి శిఖరాన్ని మించింది. నిషేధ ప్రకటన నుంచి ఎనిమిది నెలలు. ఆ జనవరి నాటి కేంబ్రిడ్జ్ లెక్కలో అమెరికా వాటా 37.8 శాతం.

అదే లెక్కలో చైనా వాటా ఎంత? 2021 జులై, ఆగస్టుల్లో సున్నా. సెప్టెంబరుకి మళ్లీ 20 శాతం పైన. అంటే నిషేధం అమల్లో ఉన్న దేశమే రెండో స్థానంలో నిలిచింది. మైనర్లు కలిసి పనిచేసే పూల్‌కి చేరే ఇంటర్నెట్ చిరునామాలను బట్టి కట్టిన లెక్క కాబట్టి కచ్చితత్వం మీద అనుమానాలకు చోటుంది, ఆ సంగతి కేంబ్రిడ్జ్ వాళ్లే చెప్పారు. అయినా దిశ స్పష్టం. కొందరు రెండు నెలలు చాటుకి వెళ్లి, వీపీఎన్ ముసుగు వేసుకుని తిరిగొచ్చారు. భయం చాలక కాదు. జియాంగ్షీ రాష్ట్ర మాజీ నాయకుడు షావ్ యీకి 2023 ఆగస్టులో జీవిత ఖైదు పడింది. ఆ అవినీతి కేసులో మైనింగ్ కంపెనీకి అండగా నిలిచాడన్న అభియోగమూ ఉంది.

దాక్కోవడం ఎందుకంత తేలికైందంటే, దానికీ పనితనమే కారణం.  పూల్‌లో చేరిన మైనరు పంపేది చాలా కొంచెం. సినిమా చూసే ఇంటి ఇంటర్నెట్‌లో అది కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు. దాచలేనివి మూడే: కరెంటు, వేడి, చప్పుడు. ఆ కాలపు మేలురకం యంత్రం యాంట్‌మైనర్ ఎస్19 ప్రో లాగేది 3,250 వాట్లు. రెండు ఏసీలు రాత్రీ పగలూ ఆపకుండా తిరుగుతున్నంత. ఒక్క యంత్రమే పక్కింటివాళ్ల నిద్ర చెడగొడుతుంది. కాబట్టి ప్రభుత్వం చెయ్యి అందేది మీటరు దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర.

అందిన చోట ఆ చెయ్యి బాగానే పనిచేసింది. 2021 మేలో ఇరాన్ కరెంటు కోతలు భరించలేక నాలుగు నెలలు మైనింగ్ ఆపేయించింది. 2022 జనవరిలో కొసొవో మైనింగ్‌ని నిషేధించింది, పోలీసులు, కస్టమ్స్ వాళ్లు ఇళ్లలోంచి యంత్రాలు పట్టుకుపోయారు. అదే నెల కజకిస్తాన్ గ్రిడ్డు మైనర్లకు సరఫరా కోసేసింది. మలేసియాలోని మిరి పట్టణంలో పోలీసులు 2021 జులైలో కరెంటు చోరీ కేసుల్లో పట్టుబడిన 1,069 యంత్రాలను స్టేషన్ ఆవరణలో పరచి రోడ్డు రోలరుతో తొక్కించారు. రష్యా 2025 జనవరి నుంచి పది ప్రాంతాల్లో 2031 మార్చి దాకా నిషేధం పెట్టింది. ఇవన్నీ తమ గ్రిడ్డుని కాపాడుకునే పనులు. కొసొవోలో ఒక ఇంటి హీటరుకి కరెంటు మిగిలితే ఆ నిషేధం నెరవేరినట్టే. ప్రభుత్వాలు ఈ మాటే సూటిగా చెప్పుకుంటే బాగుంటుంది. మైనింగ్‌ని తుడిచిపెడతామన్న మాట ఎత్తితేనే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ ఆరిన ప్రతి యంత్రమూ ఎక్కడో ఇంకొకదానికి పిలుపు అవుతుంది.

ఈ తూముకి బలహీనత లేదని చెప్పను. రెండు వారాల పట్టుదల దాని బలం, దాని గండమూ అదే. ఒక్క రాత్రిలో ప్రపంచంలోని 90 శాతం యంత్రాలు ఆగిపోతే పేజీకి పది నిమిషాలు కాస్తా వంద నిమిషాలవుతుంది, 2016 పేజీలకు 140 రోజులు కావాలి. తూము సడలే వేళ వచ్చేసరికి పంట ఎండిపోవచ్చు. ఆ రాత్రి రావాలంటే కనీసం చైనా, అమెరికా, రష్యా ఒకే ఉత్తర్వు మీద ఒకే రోజు సంతకం పెట్టాలి. ఇంకో ఇరుకు దారి చిప్పుల దగ్గరుంది. ఈ యంత్రాలు చేసే పెద్ద కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, వాటికి చిప్పులు పోసే ఫ్యాక్టరీలు ఇంకా తక్కువ. నన్నడిగితే ప్రభుత్వాల చేతికి నిజంగా అందే గొంతు అదే. ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా పట్టి చూడలేదు.

మరి తూముకి ఇంకొంచెం చురుకుదనం పెడితే? పెట్టి చూశారు. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి చీలిన బిట్‌కాయిన్ క్యాష్, ఆరు బ్లాకులకు 12 గంటలు దాటితే వెంటనే డిఫికల్టీ 20 శాతం తగ్గే ఏర్పాటు చేసుకుంది. మైనర్లు త్వరలోనే దాని కిటుకు పట్టేశారు. కావాలని అందరూ వెళ్లిపోయేవారు, డిఫికల్టీ పడిపోగానే మూకుమ్మడిగా వచ్చి పేజీల మీద పేజీలు దోచుకునేవారు, మళ్లీ వెళ్లిపోయేవారు. నవంబరు 13న ఆ ఏర్పాటు తీసేశారు. 2016 అన్న సంఖ్యలోని నిదానం ఎంత ఆలోచించి పెట్టిందో ఆ మూడు నెలలు చూపించాయి. పిలిచిన వెంటనే పలికే తూమైతే ప్రతివాడూ పిలుస్తాడు.

ఇంత మెచ్చుకున్నాక మింగుడుపడని మాట కూడా చెప్పాలి. ఈ మర ఎంత నిక్కచ్చిగా పనిచేస్తుందో, దాని వృథా కూడా అంత నిక్కచ్చి. యంత్రాలు పదింతలైనా రోజుకి పడేది అవే 144 పేజీలు. పెరిగిన కరెంటంతా తూము బిగించుకోవడానికే పోతుంది. మెరుగైన చిప్పు వస్తే కరెంటు ఆదా కాదు, ఇంకొన్ని యంత్రాలు చేరతాయి. సిచువాన్‌లో ఎలాగూ సముద్రంలో కలిసే వరద నీళ్లతో నడిచిన యంత్రం, నిషేధం తర్వాత బొగ్గు కరెంటు దేశానికి చేరిన సందర్భాలున్నాయి. కజకిస్తాన్ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కర్బన ఉద్గారాల పేరు కూడా చెప్పి వేసిన నిషేధానికి ఇదొక ఫలితం. మైనింగ్‌ని పూర్తిగా ఆపిన ఉదాహరణ నాకు తెలిసి ఒక్కటే ఉంది, అది చేసింది ప్రభుత్వం కాదు. 2022 సెప్టెంబరు 15న మరో క్రిప్టోకరెన్సీ ఇథీరియమ్ తన నిర్మాతల చేతులతోనే ఆ మరను విప్పేసి వేరే పద్ధతికి మారింది. దాని కరెంటు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. కట్టినవాళ్లు విప్పగలరు. బయటి నుంచి కొట్టేవాళ్లకి అది లొంగదు.

మన దేశంలో 2019లో తయారైన ముసాయిదా బిల్లు మైనింగ్‌ని కూడా నేరాల జాబితాలో చేర్చి పదేళ్ల దాకా జైలు రాసింది. అది పార్లమెంటు గడప తొక్కలేదు. 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను వచ్చింది, మైనింగ్ ఏర్పాట్లకు పెట్టిన ఖర్చు అందులో మినహాయించుకోనివ్వరు. మళ్లీ ఎప్పుడైనా నిషేధం మాట సభకు వస్తే, దాన్ని రాసేవాళ్లు ముందు ఆ ఇరవై వరసల లెక్క చదవాలని నా కోరిక. ఏది తమ చేతిలో ఉందో, ఏది లేదో దానిలోనే తేలిపోతుంది.

మీరూ చూడవచ్చు. బిట్‌కాయిన్ ఖాతా పుస్తకం ఎవరైనా తెరిచి చదువుకునేదే. 6,89,471వ బ్లాకు తలకట్టునీ, దాని తర్వాతిదాన్నీ తెరిచి డిఫికల్టీ గడి పోల్చండి. నాలుగు బైట్లు. చైనా నిషేధం ఆ పుస్తకంలో మిగిల్చిన పెద్ద గుర్తు అదే.